నాలుగుసార్లా, ఐదుసార్లా

మా సెరాయ్ రాజ్యంలో పెళ్లికబురు నోటితో రాదు, తమలపాకుల పళ్లెంతో వస్తుంది. అందులోంచి ఒక ఆకు తీసి నమిలితే సరేనన్నట్టు, ముట్టకుండా తిప్పి పంపితే కాదన్నట్టు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పళ్లెం సుల్తానుగారి ఇంటినుంచి వస్తే తిప్పి పంపే గుండె ఎవరికుంటుంది చెప్పండి? రాజు మాట కాదంటే మావాళ్లకది ద్రోహమే. దొంగతనాన్నైనా క్షమిస్తారు గానీ దాన్ని క్షమించరు.

ఆ శనివారం పొద్దున ఏటి ముఖద్వారం దగ్గర వాన్ దెలిమా ఇంటికి అలాంటి పళ్లేలు ఒకటి కాదు, ఏడు వచ్చాయి. పసుపుపచ్చని పట్టుగుడ్డలు కప్పి, గొడుగులు పట్టి మరీ తెచ్చారు. సుల్తానుగారి సవతి తమ్ముడు తెంకు ఇద్రుస్‌కి ఆమెను అడుగుతున్నారు. తెంకు అంటే మా దగ్గర రాజుబిడ్డల్నీ రాణుల్నీ పిలిచే మర్యాదమాట. నికా వచ్చే శుక్రవారమే. అడుగుతున్నారు అన్నది మర్యాదకు అనుకునే మాట, అంతే.

దెలిమాకు ఇరవయ్యారేళ్లు. మొగుడు సముద్రం మీద జ్వరమొచ్చి పోయి మూడేళ్లయింది. తండ్రి అంతకు ముందే పోయాడు. తల్లి ముర్ని అయితే దెలిమా నడక నేర్వకముందే కన్నుమూసింది, మొహం కూడా గుర్తులేదు. తండ్రి వదిలివెళ్లిన కోటను, ఐదు ఫిరంగులను, అరవై పడవలను దెలిమాయే చూసుకుంటోంది. ఏట్లోకి వచ్చే పడవైనా, సముద్రంలోకి పోయే పడవైనా ఆమె కిటికీ కిందనుంచి వెళ్లాల్సిందే. ఏటి నోరు ఎవరి చేతిలో ఉంటే ఏరంతా వాళ్లదే. ఈ ముక్క అందరికంటే బాగా తెలిసిన మనిషి జలేహా రాణి.

జలేహా రాణి పోయిన సుల్తానుగారి రెండో భార్య, ఇద్రుస్ తల్లి. ఇప్పటి సుల్తానుగారు మొదటి రాణి కొడుకు. మంచివాడు, కాస్త నిద్రమొహం, పిల్లలు లేరు. ఏటి నోరు తన కొడుకు చేతికి వస్తే రేపు యువరాజు పట్టం ఎవరికి కట్టాలి మరి? ఆవిడ ఎత్తు ఇదీ. దానికి తోడు ఇరవయ్యారేళ్లుగా కోటలో ఒకటే పాట: "నా బిడ్డ నా పాలు తప్ప పరాయి పాలు చుక్క ముట్టలేదు. రాజరక్తం, రాజపాలు. వాడికి కాక ఇంకెవరికి కడతారు పట్టం?" ఆ పాట వినీ వినీ కోటలో పిల్లులకు కూడా నోటికొచ్చేసింది.

దెలిమా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. ఊఁ అంటే తండ్రి కోట జలేహా రాణి కొంగున ముడిపడుతుంది, తనేమో రాణివాసంలో పెళ్లిళ్లకు చల్లే వాసనల జల్లెడాకులు తరుక్కుంటూ కూర్చోవాలి. ఊహూఁ అంటే ద్రోహి.

ఆమెను పెంచిన ముసలావిడ మక్ యామ్ పళ్లేల మీద గుడ్డ తొలగించి చూస్తోంది. ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి గానీ ఏ మాటైనా రెండుసార్లు అడిగితే తప్ప నమ్మదు.

"ఎవరికడుగుతున్నారమ్మాయ్?"

"తెంకు ఇద్రుస్‌కి."

"ఏ ఇద్రుస్?"

"ఎంతమంది ఇద్రుస్‌లున్నారు మక్? గువ్వల ఇద్రుస్. పొద్దస్తమానం పంజరాల కింద కూర్చుని ఏ గువ్వ బాగా కూసిందో వింటుంటాడే, ఆయన."

మక్ యామ్ చేతిలో పళ్లెం ధన్‌మని నేల మీద పడింది. ఆకులన్నీ చెల్లాచెదురయ్యాయి.

"అయ్యయ్యో, కుదరదు! తమ్ముణ్ణి ఎలా చేసుకుంటావే పిచ్చిమొహమా!"

"ఎవరి తమ్ముణ్ణి?"

"నీ తమ్ముణ్ణే! మీ అమ్మ పాలు తాగినవాడు!"

ఆ తర్వాత ముసలావిడ గుండెలు బాదుకుంటూ చెప్పిన సంగతి ఇది. పెద్ద వరదొచ్చిన ఏడు రాణివాసం మునిగిపోతే ఆడవాళ్లను రాజుగారి పడవలోకి ఎక్కించారు. మూడు రోజులు నీళ్ల మీదే. జలేహా రాణి అప్పటికి పదిహేను రోజుల బాలింత, భయానికి ఆవిడ పాలు ఇంకిపోయాయి. బిడ్డ గుక్కపట్టాడు. అదే పడవలో ముర్ని ఉంది, ఒళ్లో రెండు నెలల దెలిమా. ఇంకేం చేస్తారు? బిడ్డను ముర్నికి అందించారు. నీళ్లు తీశాక రాణి పడవలో ఉన్న ఆడవాళ్లందరినీ పిలిచి తలా ఒక పట్టుచీర పెట్టి, "ఈ సంగతి ఏట్లోనే మునిగిపోవాలి" అంది. మునిగిపోయింది. ఇదిగో, ఇన్నాళ్లకు తేలింది.

"ఇన్నేళ్లూ చెప్పవేం మక్?"

"దేనికి చెప్పను? నువ్వేమైనా అడిగావా?"

దెలిమా నవ్వాలో ఏడవాలో తెలియక ముసలావిడ రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది. ఒకే తల్లి పాలు తాగినవాళ్లు తోబుట్టువులు, వాళ్లకు నికా హరాం. దీన్ని ఏ సుల్తానూ ద్రోహమనలేడు. ఆకు నమలక్కర్లేదు, తిప్పి పంపక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా ఆమె పడవెక్కి ఖాజీగారింటికి వెళ్లింది.

తోక్ ఖాజీ నెమ్మదైన మనిషి. ఆయన తెరిచిన పుస్తకం మీద ఎప్పుడూ ఒక పిల్లి పడుకుని ఉంటుంది. దాన్ని లేపడం ఇష్టంలేక చదవాల్సినదంతా నోటికే చెప్తాడు.

"రెండేళ్లలోపు బిడ్డ కడుపునిండా ఐదుసార్లు తాగాలమ్మా. నాలుగుసార్లు తాగితే లెక్కలోకి రాదు. ఐదంటే ఐదు. పైగా కళ్లారా చూసిన ఆడవాళ్లు నలుగురు చెప్పాలి. ముగ్గురైతే నేనేమీ చేయలేను."

"ముగ్గురే బతికున్నారు తోక్. మా మక్ యామ్, మంత్రసాని మక్ లిమా, ఆ పడవలో వంట చేసిన మక్ తీజా."

"నాలుగో మనిషి?"

"జలేహా రాణి."

ఖాజీ పిల్లి వీపు నిమిరాడు. "ఆవిడ చేత చెప్పించడం కంటే ఈ పిల్లి చేత చదివించడం తేలిక తల్లీ" అన్నాడు.

తిరుగు పడవలో దెలిమా ఆలోచిస్తూ కూర్చుంది. ఆమె కోటకు వెళ్లినప్పుడల్లా చూసిన విషయం ఒకటుంది. జలేహా రాణికి ఎవరు తప్పు చెప్పినా ఒళ్లు మండుతుంది. నౌబత్తు వాళ్లు ఒక దెబ్బ ఎక్కువ కొడితే కిటికీలోంచి తల పెట్టి మరీ కేకేస్తుంది. ఎవరి తాతగారి కథో ఎవరో చెప్పుకుంటుంటే దారిన పోతూ ఆగి, "ఆయన మంగళవారం పోలేదు, సోమవారం పోయాడు" అని సరిదిద్ది మరీ వెళ్తుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజైనా నానుతుంది గానీ, ఎదుటివాళ్ల తప్పు నానదు.

విధవరాలిని ఎవరూ మౌనంగా పెళ్లిపీట ఎక్కించలేరు, తన నోటితో ఒప్పుకోవాలి. అందుకని బుధవారం తోక్ ఖాజీ కోటకు వచ్చి తెర అవతలినుంచి అడిగే ఏర్పాటు జరిగింది. సుల్తానుగారు సాక్షి, ఇద్రుసూ అక్కడే ఉంటాడు. అదే రోజు తెర ఇవతల ఆడవాళ్లంతా పెళ్లికి జల్లెడాకులూ పూరేకులూ సన్నగా తరగాలి. పెళ్లికూతురి తరఫున ముగ్గురు ముసలమ్మల్ని తెచ్చుకుంటానని దెలిమా కబురు పంపింది. దానికేం అభ్యంతరం! రాణి సరేనంది.

"అక్కడేం చెప్పమంటావమ్మాయ్?" అని పడవలో మక్ యామ్ అడిగింది. "ఏం చెప్పమంటావు?" అని మళ్లీ అడిగింది.

"నేనేం చెప్పమనను. ఆ వరద ఎలా వచ్చిందో మీలో మీరు చెప్పుకోండి. జరిగిందే చెప్పుకోండి, చాలు."

మక్ తీజా వైపు చూసి ఆ చివరి మాట ఇంకోసారి అంది. ఎందుకంటే మక్ తీజా నోట్లో పడితే చేపపిల్ల కూడా మొసలై బయటికొస్తుంది.

బుధవారం కోటలో పెద్ద హాలంతా జల్లెడాకుల వాసన. ముప్పై మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చుని చకచకా తరుగుతున్నారు. జలేహా రాణి మధ్యలో దిండు మీద కూర్చుని, తనూ తరుగుతూ ఎవరి ముక్కలు లావుగా ఉన్నాయో చూస్తోంది. తెర అవతల మగవాళ్లు కాఫీ తాగుతున్నారు. సుల్తానుగారి ఆవులింత స్పష్టంగా వినిపించింది.

"ఇంతమంది ఆడవాళ్లం ఒకచోట కూర్చోవడం ఆ వరద తర్వాత మళ్లీ ఇప్పుడే" అని మక్ లిమా నిట్టూర్చింది.

"ఏ వరద అవ్వా?" అని ఒక కుర్రపిల్ల అడిగింది. అంతే, మక్ తీజాకు పూనకం వచ్చింది.

"ఏ వరదేమిటే! కొబ్బరిచెట్లు మొవ్వుదాకా మునిగిన వరద! పది రోజులు పడవలోనే ఉన్నాం."

రాణి కత్తి ఆగింది. మళ్లీ తరిగింది, ఈసారి ఇంకా గట్టిగా.

"పడవ వెనకవైపు మేము, ముందువైపు పనివాళ్లు" అంది మక్ లిమా.

"ముందువైపు మనం" అని రాణి పళ్ల మధ్యనుంచి అంది.

దెలిమా తల ఎత్తలేదు. ఆమె చేతిలో ఆకు లావుగా తెగింది. రాణి దాన్నీ చూసింది.

"పాపం, చిన్న తెంకు ఎలా ఏడ్చాడనుకున్నావ్!" మక్ తీజా ఊపందుకుంది. "ఊళ్లో గేదెలన్నీ బెదిరిపోయాయి. ముర్నమ్మ ఎత్తుకుంది గనక సరిపోయింది. తాగాడూ తాగాడూ, ఇరవైసార్లు తాగాడు! ముప్పైసార్లు! ఆ తల్లి ఎండిపోయి పుల్లయింది!"

"ముప్పైసార్లా?" జలేహా రాణి కత్తి విసిరికొట్టింది. "నోరుందిగదా అని వాగకు తీజా! మూడు రోజులు, నాలుగంటే నాలుగుసార్లు! నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను!"

ముప్పై కత్తులూ ఒక్కసారి ఆగిపోయాయి. చుక్క పాలు ముట్టలేదన్న పాట ఇరవయ్యారేళ్లు విన్న ముప్పై జతల చెవులు అవి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆవిడ పని. తనన్న మాట తనకే వినిపించి రాణి మొహం ఎర్రగా కందిపోయింది.

తెర అవతల తోక్ ఖాజీ దగ్గాడు. "తెంకు మన్నించాలి. నాలుగా అన్నారు?"

వెనక్కి తీసుకునే దారి లేదు. కానీ ఆవిడా సామాన్యురాలు కాదు. వెన్ను నిటారుగా పెట్టి, "అవును, నాలుగు" అంది. "ఐదైతే ఏమవుతుందో నాకప్పుడే తెలుసు తోక్. అందుకే నాలుగోసారి కాగానే ఆపించాను. ఆ తర్వాత తేనె నీళ్లు పట్టించాను. దెలిమా తల్లి పాలు నా కొడుకు తాగాడు, ఒప్పుకుంటున్నాను. కానీ నికాకు అడ్డం లేదు. ఉందా?"

"నాలుగైతే లేదు" అన్నాడు ఖాజీ.

అప్పుడు మక్ యామ్ ముందుకు జరిగింది. ఈసారి ఏదీ రెండుసార్లు అడగలేదు. "ఐదు తోక్. ఆఖరి రోజు తెల్లారగట్ల వాన ఆగింది. మూడు రాత్రులు రెప్పవేయని రాణిగారు అప్పుడే నిద్రపోయారు. బిడ్డ లేచి ఏడ్చాడు. 'పడుకోనివ్వండి పాపం' అని ముర్నమ్మే ఎత్తుకుంది. కడుపునిండా తాగాడు."

"నా భుజం మీదే త్రేన్చాడు" అంది మక్ లిమా.

"ఐదే తోక్" అంది మక్ తీజా, తలవంచుకుని. ఆ మనిషి జన్మలో పెంచకుండా చెప్పిన మాట అదొక్కటే.

"మరి నాకెందుకు చెప్పలేదే మీరు?" అంది రాణి.

"ముర్నమ్మ వద్దంది తెంకు. లేచి తెలిస్తే మీరు బాధపడతారంది."

ఖాజీ పెద్దగా నిట్టూర్చాడు. "ముగ్గురు. నాలుగో మనిషి కావాలి. లేకపోతే ఐదోది నిలవదు. చట్టం అదే."

తన తెలివంతా ఇంతవరకే వచ్చింది. ఇక మిగిలింది ఒక్క మనిషి, ఆ మనిషేమో అప్పుడు నిద్రలో ఉంది. ఇప్పుడు ఖాజీ అడుగుతాడు, ఊఁ అనాలి. కిటికీలోంచి ఏరు కనిపిస్తోంది, దాని చివర తన కోట.

అంతలో తెర కదిలింది. ఆడవాళ్లు కెవ్వుమని పైటలు తలమీదికి లాక్కున్నారు. తెంకు ఇద్రుస్ లోపలికొచ్చాడు. పొడుగ్గా, సన్నగా, భుజం మీద గువ్వ ఈకతో ఉన్నాడు. ఎవర్నీ చూడకుండా తిన్నగా వెళ్లి తల్లి ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు లేచేసరికి నేను ఆకలికి ఏడుస్తున్నానా?"

రాణి మొహం పక్కకు తిప్పుకుంది.

"అది నీకు తప్ప ఎవరికీ తెలియదు, నిజమే. నేను ఏడుస్తున్నాననే చెప్పు, నికాకు వెళ్తాను. నువ్వు చెప్పిందే నాకు సాక్ష్యం. కానీ నా మొహం చూసి చెప్పమ్మా. మా అక్కనే పెళ్లిచేసుకున్నానేమో అని జీవితమంతా నేను లోపల భయపడుతూ బతకాలా, అక్కర్లేదా?"

ఆవిడ పట్టం కోసం ఎన్ని ఎత్తులైనా వేసింది గానీ, నిజం చెప్పాలంటే అన్నీ ఈ పిల్లవాడి కోసమే వేసింది. వాడి మొహం చూస్తూ అబద్ధమాడటం ఆవిడ ఎప్పుడూ నేర్చుకోలేదు.

"ఏడవలేదు" అంది చివరికి. "ఆడుకుంటున్నావు. పొట్ట నిండుగా ఉంది. మూతికి పాలు అంటుకుని ఉన్నాయి." ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నేనే తుడిచేశాను నాయనా. ఎవరూ చూడకముందే నా కొంగుతో తుడిచేశాను. అప్పటినుంచీ అది కల అనుకుంటూ వచ్చాను."

"అల్హందులిల్లా" అన్నాడు ఖాజీ తెర అవతల. "పాలంటిన మూతిని కళ్లారా చూశారు, అదీ సాక్ష్యమే. నలుగురయ్యారు."

మక్ యామ్ భోరుమంది. మక్ తీజా పక్కనున్న కుర్రపిల్లను వాటేసుకుంది. దెలిమా ఆకుల గుట్టలోకే ఒరిగిపోయింది, నవ్వుతోంది, ఏడుస్తోంది, తలనిండా జల్లెడాకులు. ఇద్రుస్ ఆమె వైపు తిరిగాడు. ఇకనుంచి అతని ముందు తల కప్పుకోనక్కర్లేదు, చాటుగా కూర్చోనక్కర్లేదు. అతను రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించాడు.

"అక్కా" అన్నాడు. "నాకు ఆ కోట వద్దు, పట్టం అసలే వద్దు. మీ ముఖద్వారం దగ్గర గాలి బావుంటుంది గదా, నా గువ్వల్ని తెచ్చుకుని అప్పుడప్పుడూ ఉండొచ్చా?"

"ఎన్ని గువ్వలు?"

"నలభై."

"నలభైయా!" అంది దెలిమా. "సర్లే, తమ్ముడివి గనక ఇరవైకి ఒప్పుకుంటున్నాను."

అప్పటికి సుల్తానుగారికి సంగతంతా బోధపడింది. "నికా లేదా అయితే?" అని తెర అవతలినుంచి కేకేశారు. "మరి పన్నెండు గేదెల్ని కోసేశారు గదయ్యా! ఏం చేద్దాం?"

ఏం చేస్తారు, తిన్నారు. శుక్రవారం కోట ముందు పందిట్లో ఊరంతా తిన్నది. నౌబత్తు మోగింది. ఏటి నోరు ఎప్పటిలాగే వాన్ దెలిమాదేనని సుల్తానుగారు అందరిముందూ చాటించి, మళ్లీ ఆవులించారు. మావాళ్లకు పెళ్లి చూడలేకపోయామన్న బాధ కొంచెమైనా కలగలేదు. పాలతమ్ముడు దొరికిన పండగ ఎవరు చూశారు అంతకుముందు!

అక్కాతమ్ముళ్లను ఒకే పళ్లెం ముందు కూర్చోబెట్టారు. పసుపన్నం, గేదెకూర, కొబ్బరిపాలలో ఉడికించిన కోడి. జలేహా రాణి ఆ రోజంతా మూలనే కూర్చుంది, ఎవరినీ సరిదిద్దలేదు. దెలిమాకు అది చూస్తే మనసొప్పలేదు. లేచి వెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చి తమ మధ్యన కూర్చోబెట్టింది.

"మా అమ్మ ఎలా ఉండేది తెంకు? మక్ యామ్‌ని అడిగితే బంగారం అంటుంది, ఇంకేం చెప్పదు. మీరైతే సరిగ్గా చెప్తారు."

"బంగారమేం కాదు. గయ్యాళి" అంది రాణి. "పాట శ్రుతి లేకుండా పాడేది. మేమంతా ప్రాణాలరచేత పెట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే, అదేమో నా చీర రంగు బాలేదంది."

దెలిమా పగలబడి నవ్వింది. ఇన్నేళ్లలో తల్లిని మొదటిసారి చూసినట్టనిపించింది.

"మీరిద్దరూ ఒకేసారి ఏడిస్తే ముందు వీణ్ణే ఎత్తుకునేది" అంది రాణి, ఈసారి గొంతు మెల్లగా. "నువ్వు కింద చాప మీద కాళ్లు తన్నుకుని ఏడుస్తుండేదానివి. నేనుండబట్టలేక, నీ పిల్ల ఏడుస్తోంది చూడు అన్నాను. 'నా పిల్లకు నేను రేపు కూడా ఉంటాను తెంకు. మీవాడికి ఈ మూడు రోజులే గదా' అంది."

నౌబత్తు మోగుతూనే ఉంది.

ఇద్రుస్ అన్నంలో పెట్టిన చేయి వెనక్కి తీసుకున్నాడు. కోడికూరలో మంచి ముక్క ఏరి, పసుపన్నంతో ముద్ద కలిపి, దెలిమా నోటి దగ్గరికి తెచ్చాడు.

"ముందు నువ్వు తినక్కా."

కళ్లనిండా నీళ్లతో, నోరంతా తెరిచి, దెలిమా తిన్నది.